వెళ్ళిపోయినవాళ్ళ హాలు

మా జిల్లా విమానాశ్రయం నుంచి ఇంతవరకు ఒక్క విమానం కూడా ఆలస్యంగా బయల్దేరలేదు. ఈ మాట లోపలి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అక్కడి నుంచి సరిగ్గా సమయానికి బయల్దేరినవాళ్ళలో నేనూ ఒకదాన్ని కాబట్టి అది అబద్ధమని అనలేను.

ప్రయాణం నిజానికి మా మేనత్తది. ఓబుళమ్మత్త మా ఊళ్ళో బట్టలు కుడుతుంది. కుట్టు మిషన్ల కంపెనీ వాళ్ళు పెట్టిన లక్కీ డ్రాలో ఆమెకు మొదటి బహుమతి తగిలింది. ఇద్దరికి న్యూజిలాండు యాత్ర, రానూపోనూ. రెండో బహుమతి గ్రైండరు. రెండోదే వచ్చుంటే బాగుండేదని మా నాయన అన్నాడు. అత్త ఆయన చొక్కా గుండీలు కుట్టకుండా వెనక్కి పంపింది.

మా తాత గొర్రెలు మేపేవాడు. చిన్నప్పుడు అత్త ఆయన వెంటే కొండల్లో తిరిగింది. న్యూజిలాండులో మనుషుల కంటే గొర్రెలు ఎక్కువని బడి లైబ్రరీలో చదివి నేను చెప్పినప్పుడు ఆమె మిషన్ తొక్కడం ఆపేసింది.

"నిజమా పాపా? మనుషుల కంటేనా?"

"అవునత్తా. ఎటు చూసినా పచ్చికేనంట."

"ఎండాకాలమొస్తే మా నాయన ఇంత పచ్చిక కోసం మూడు తాలూకాలు తిరిగేటోడు. అట్లాంటి దేశం ఒకటి ఉండాదని తెలీకుండానే పాయె. ఆయన తరఫున ఎవురో ఒకరు చూసి రావల్ల గదా."

టికెట్టులో మూడు విమానాలున్నాయి. మధ్యాహ్నం మా జిల్లా నుంచి నగరానికి చిన్న విమానం, రాత్రి నగరం నుంచి సింగపూరుకు పెద్ద విమానం, అక్కడి నుంచి ఆక్లండుకు ఇంకొకటి. కింద చిన్న అక్షరాల్లో ఒక నిబంధన ఉంది. మొదటి విమానంలో వెళ్ళకపోతే మిగతావన్నీ రద్దవుతాయి. బహుమతి టికెట్టు గనక మార్చడానికి వీల్లేదు. ఆ రెండు వాక్యాలనూ అత్త నా చేత ఎన్నిసార్లు చదివించుకుందో లెక్కలేదు.

అందుకని అత్తా, ఆమెకు తోడుగా నేనూ పొద్దున్నే విమానాశ్రయానికి చేరాం. సామాను తీసుకున్నారు. అద్దంలోంచి చూస్తే రన్‌వే మీద విమానం లేదు. రెండు కొంగలు తిరుగుతున్నాయి. లోపల హాలు మధ్యలో అడ్డంగా ఒక పసుపు గీత గీసి ఉంది. గీతకు ఇవతల మేమందరం, అవతల సెక్యూరిటీ ఆఫీసరు ఇమాంవలి గారు. విమానం వేళ కాగానే ఆయన లేచి నిలబడ్డారు.

"మధ్యాహ్నం విమానం వాళ్ళు వరసలో రాండి. పరస్తానం ఇయ్యండి."

పరస్తానమంటే మా వైపు అందరికీ తెలుసు. మంచి ఘడియలో బయల్దేరాల్సిన మనిషికి ఏదో అడ్డం వచ్చి కదలడం కుదరకపోతే, అతని గుడ్డో గొడుగో ఆ ఘడియకే పక్కింట్లో పెట్టిస్తారు. మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నా ప్రయాణం మొదలైనట్టే లెక్క. మా నాయనమ్మ కూడా ఆస్పత్రికి వెళ్ళే ముందు తన తువ్వాలు అలాగే పెట్టించేది.

విమానాశ్రయం దాకా ఆ ఆచారం ఎలా వచ్చిందో వరసలో నిలబడ్డప్పుడు తెలిసింది. చిన్న విమానం ఏ రోజూ నగరం నుంచి వేళకు రాదు. రాని విమానాన్ని వేళకు పంపడం కుదరదు. అయితే ఆలస్యంగా పంపే విమానాశ్రయాలను మూసేస్తామని పైనుంచి సర్క్యులరు వచ్చింది. డైరెక్టరు వాచస్పతి గారు మూడు పూటలు అన్నం ముట్టకుండా ఆలోచించారట. నాలుగో పూట ఆయనకు వాళ్ళ అమ్మగారు పెట్టించే పరస్తానం గుర్తుకొచ్చింది.

మా ముందు చెన్నకేశవయ్య గారని ఒక పెద్దాయన ఉన్నారు. ఎమ్మార్వోగా చేసి రిటైరయ్యారు, బాలి దీవి చూడబోతున్నారు. ఆయన తన చేతికర్ర ఇచ్చేశారు. ఇచ్చాక అడుగు వేయలేక అక్కడే నిలబడి, "భేషైన ఏర్పాటు" అన్నారు. అత్త మెడలో వేసుకునే కొలత టేపు ఇచ్చింది. నేను చేతిరుమాలు ఇచ్చాను. వస్తువులన్నీ గీత దాటగానే గంట మోగింది. మైకులో ఒక ఆడగొంతు, "నగరానికి వెళ్ళే విమానం సరిగ్గా సమయానికి బయల్దేరినది" అని చెప్పింది. ఒక మూల కూర్చున్న సిబ్బంది చప్పట్లు కొట్టారు.

అత్త రన్‌వే వైపు చూసింది. కొంగలు అక్కడే ఉన్నాయి.

"సామీ, విమానం యాడ?" అని ఇమాంవలి గారిని అడిగింది.

"పోయిందమ్మా."

"మేమీడే ఉండాం గదా?"

"లేరమ్మా. మీరూ పోయినారు. ఈడ కూచోగూడదు, ఇది పోవాల్సినోళ్ళు కూచునే చోటు. ఆ పక్క హాల్లోకి రాండి."

పక్క హాలు గుమ్మం మీద 'వెళ్ళిపోయినవాళ్ళ హాలు' అని బోర్డు ఉంది. కుర్చీలు రెండేసి వరసల్లో ఉన్నాయి. ఒక్కో కుర్చీకి పాత కారు బెల్టు కట్టారు. కిటికీలకు మబ్బుల బొమ్మలున్న కాగితం అంటించారు. మేం కూర్చోగానే ఒకమ్మాయి వచ్చి బెల్టులు పెట్టుకోమని, ఫోన్లు ఆపేయమని చెప్పింది. ఆకాశంలో ఫోన్లు వాడరాదు. అత్త బెల్టు పెట్టుకుంది. ఆమెకు బెల్టు కుట్టిన తీరు నచ్చలేదు. "ఒంటి కుట్టు ఏసినారు, లాగితే ఊడొస్తాది" అని నా చెవిలో చెప్పింది.

అప్పుడు డైరెక్టరు గారు వచ్చారు. తెల్లటి దుస్తుల్లో ఉన్నారు. గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడటం మొదలుపెట్టి, ఆ ఊపులో లోపలికి వచ్చేశారు.

"గౌరవనీయులైన ప్రయాణికులారా! ప్రయాణికుడు అనగా శరీరం కాదు. ప్రయాణికుడు అనగా ఒక సంకల్పం. ఆ సంకల్పం గీత దాటిన ఉత్తర క్షణమే విమానం బయల్దేరినట్లు పరిగణించబడుతుంది. శరీరం అనేది తదుపరి సర్దుబాటు చేయదగిన అంశం."

ఇమాంవలి గారు దగ్గరికి వచ్చి సెల్యూట్ చేశారు. "సార్, ఈ విమానం బయల్దేరింది. మీకు టికెట్టు లేదు."

డైరెక్టరు గారు తన కాళ్ళ వైపు చూసుకున్నారు. గుమ్మానికి పది అడుగులు లోపల ఉన్నాయి.

"దిగిపోనా?" అన్నారు మెల్లగా.

"గాల్లో ఉండాం సార్. దిగేకి లేదు. రూలు మీరే పెట్టినారు."

"టికెట్టు లేకుండా విమానంలో ప్రయాణించిన వ్యక్తిపై చర్య తీసుకోవలసినది ఎవరు?"

"డైరెక్టరు సార్."

ఆయన టై సర్దుకుని, "అయితే నన్ను పైలట్‌గా నమోదు చేయండి" అన్నారు.

ఇమాంవలి గారు నమోదు చేశారు. డైరెక్టరు గారు ముందు వరసలో మాకు వీపు పెట్టి కూర్చుని మైకు తీసుకున్నారు. "మీ పైలట్ వాచస్పతి మాట్లాడుతున్నాను. మనమిప్పుడు ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో ఉన్నాము. కుడివైపు కిటికీలోంచి నల్లమల అడవులను వీక్షించవచ్చు." కుడివైపు కిటికీ అవతల క్యాంటీను. పోపు వాసన వస్తోంది. చెన్నకేశవయ్య గారు మెడ చాచి చూసి, "పచ్చగా ఉండాయి" అన్నారు.

అత్త పక్కన నడుస్తున్న అమ్మాయిని పిలిచింది. "మేయ్ తల్లీ, ఒంటికి పోయొస్తా, ఈ బెల్టు ఇప్పు."

"కుదరదాంటీ. మబ్బుల్లో ఉన్నాం. కుదుపులున్నాయి."

"కుదుపులు యాడుండాయి?"

అమ్మాయి పైలటు గారి వైపు చూసింది. ఆయన వాతావరణ నివేదిక చదివి తల అడ్డంగా ఊపారు. నివేదికలో మేఘాలున్నాయి. అత్త కూర్చుంది. ఆమెకు కోపం వస్తే దవడ బిగుసుకుంటుంది. ఇప్పుడు బిగుసుకుని ఉంది. నేను మామూలుగానే కొత్తవాళ్ళ ముందు నోరు తెరవను. ఆకాశంలో అసలే తెరవలేకపోయాను.

ఇమాంవలి గారు మా వరస పక్కగా నడుస్తూ ఆగితే అత్త గొంతు తగ్గించి అడిగింది. "అన్నా, నిజం చెప్పు. అసలు విమానం ఎప్పుడొస్తాది?"

"పొద్దుగూకేకి వస్తాదమ్మా."

"వస్తే ఎక్కిస్తారా?"

ఆయన అటూ ఇటూ చూశారు. "పోయినోళ్ళను మళ్ళా ఎట్ల ఎక్కిస్తామమ్మా? నిన్నటోళ్ళను ఎక్కియ్యల్యా. వచ్చింది వచ్చినట్టే ఉత్తదే ఎనిక్కి పాయె. నిన్నటోళ్ళు ఏడ్సుకుంటా ఇండ్లకు పాయిరి."

అత్త చెయ్యి నా చేతి మీద పడింది. ఎండలో నడిచొచ్చిన మనిషి చెయ్యిలా వేడిగా ఉంది. సాయంత్రం దాకా ఇక్కడ కూర్చుంటే రాత్రి సింగపూరు విమానం పోతుంది. అది పోతే గొర్రెలూ లేవు, పచ్చికా లేదు, మా తాత తరఫున చూసేవాళ్ళూ లేరు. లేచి రోడ్డెక్కి వెళ్ళిపోదామంటే విమానం ఎక్కనట్టు అవుతుంది, టికెట్టు మొత్తం రద్దు. నేను ఆ రెండు వాక్యాలూ మనసులో మళ్ళీ చదువుకున్నాను. ఈసారి మొదటి వాక్యం దగ్గర ఆగిపోయాను. మొదటి విమానంలో వెళ్ళకపోతే, అని ఉంది. మేం వెళ్ళాం. మైకులో కూడా చెప్పారు.

"అత్తా, కిందికి దిగేదాకా కదలొద్దు. దిగినాక పోదాం" అన్నాను.

"ఎప్పుడు దిగుతాం?"

"టికెట్టులో రాసిన వేళకు. ఈళ్ళు ఎప్పుడూ ఆలస్యం చెయ్యరు గదా."

అత్త నన్ను ఎగాదిగా చూసింది. బెల్టు గట్టిగా లాక్కుని కూర్చుంది.

దిగే ముందు డైరెక్టరు గారు స్వయంగా లేచి వచ్చి మా వరస దగ్గర నిలబడ్డారు. దూరపు ప్రయాణికుల కోసం కొత్తగా ఒక సౌకర్యం ప్రవేశపెట్టామని చెప్పారు. నగరంలో విమానం మారే శ్రమ లేకుండా తరువాతి ప్రయాణానికి కూడా ఇక్కడే పరస్తానం స్వీకరిస్తారు. చెన్నకేశవయ్య గారు అప్పటికే కళ్ళజోడు ఇచ్చేశారు.

"అమ్మా, మిమ్మల్ని ఇక్కడి నుంచే ఆక్లండు వరకు పంపించగలము. తిరిగి తీసుకురాగలము కూడా. కుర్చీ మారనవసరం లేదు."

"గొర్రెలో?" అంది అత్త.

"ఏమన్నారు?"

"నేను పొయ్యేది గొర్రెల్ని చూసేకి సార్. ఆ కుర్చీలోకి గొర్రెలొస్తాయా?"

డైరెక్టరు గారు జేబులోంచి కలం తీశారు. "గొర్రెల అంశం పరిశీలనలో ఉంచబడుతుంది" అన్నారు.

"పరిశీలన అయినాక చెప్పంపండి. నేను నగరంలోనే దిగిపోతా."

తర్వాత విమానం దిగింది. పైలటు గారు చేతులు రెండూ గట్టిగా చాచి పట్టుకుని దింపారు. చెన్నకేశవయ్య గారు ముందుకు తూలి, కుర్చీ పట్టుకుని, చప్పట్లు కొట్టారు. "నగరానికి స్వాగతం. బయట ఉష్ణోగ్రత ఇరవై ఎనిమిది డిగ్రీలు" అని మైకులో చెప్పారు. తలుపు తీయగానే మా జిల్లా ఎండ మొహానికి కొట్టింది.

మా సామాను అద్దం అవతల తోపుడు బండి మీదే ఉంది. అత్త దాన్ని చూపించింది. అవి నేరుగా ఆక్లండు దాకా రాసిన సామాన్లని, దారిలో ఉన్నాయని అక్కడి అమ్మాయి చెప్పింది. అత్త తన ఎర్ర సంచీ వైపు ఒకసారి చూసి, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. పాసుపోర్టులు రవికెలో కుట్టుకున్న జేబులో ఉన్నాయి.

బయట టాక్సీల కిటికీ ఉంది. లోపల ఒకతను కూర్చున్నాడు.

"యాడికి?"

"నగరంలో విమానాశ్రయానికి నాయనా. రాత్రికే మా విమానం, బిన్నా పోవల్ల."

"మీరిప్పుడు ఉండేది నగరం విమానాశ్రయమే గదా."

"కాదు నాయనా. ఇది మన జిల్లా. అదిగో మన కరెంటాఫీసు."

"నగరం విమానం దిగింటే ఈడ నగరమే. సాయంత్రం నాలుగు దంకా అంతే. నగరం లోపల యాడికైనా పంపిస్తా. జిల్లాలకు పంపేకి నాకు పర్మిషన్ లేదు."

"అయితే కరెంటాఫీసు కాడికి పంపు."

"అది జిల్లాలో ఉండాది. కుదరదు."

మేం నడిచి వెళ్ళాం. కరెంటాఫీసు దాటాక హైవే వస్తుంది. అత్త పైట బిగించి రోడ్డు మధ్యకు వెళ్ళి రెండు చేతులూ అడ్డం పెట్టింది. బస్సు ఆగలేదు. కారు ఆగలేదు. టమాటా లారీ ఒకటి ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"సచ్చేకి నా లారీనే దొరికిందామ్మా నీకు? యాడికి పోవల్ల?"

"న్యూజిలాండుకు."

అతను పక్కకు చూసి ఆకు ఉమ్మేశాడు. "నేను నగరం మార్కెట్టు దంకా పోతా. ఆడ దిగి మారండి."

అంత మంచి కనెక్షన్ మాకు ఆ రోజంతా దొరకలేదు. ఎక్కాం.

దారి పొడుగునా అత్త ముందుకు వంగి కూర్చుంది, వంగితే లారీ వేగంగా పోతుందన్నట్టు. డ్రైవరు పేరు నాగిరెడ్డి. టమాటాలు చితికిపోకూడదని మెల్లగా నడిపాడు. అత్త మూడు సార్లు, "అన్నా, రవ్వంత తొక్కు" అంది. మూడోసారికి అతను టమాటాలను దేవుడికి వదిలేసి తొక్కాడు.

పొద్దు గుంకాక నా ఫోను మోగింది. చెన్నకేశవయ్య గారు. ఏదైనా ఫిర్యాదు పెట్టాల్సి వస్తే సాక్షిగా ఉంటారని అత్త హాల్లోనే ఆయనకు నా నంబరు ఇచ్చింది. ఆయన గుసగుసలాడుతున్నారు.

"పాపా, ఆకాశంలో ఫోను మాట్లాడగూడదు, మెల్లగా చెప్తాండా. అసలు విమానం వచ్చింది. ఎవురినీ ఎక్కియ్యల్యా. దాని పైలటు, ఎక్కేటోళ్ళు ఎవురైనా ఉండారా అని అడిగి అడిగి ఉత్తదే తీస్కపోయినాడు."

"మీరేం చేస్తున్నారు సార్?"

"బంగాళాఖాతం మీద ఉండాం. భోజనం బాగుంది. చారు రెండోసారి కూడా పోసినారు. రేపు పొద్దున్నే బాలిలో దిగుతాం. ఎంత పద్ధతిగా జరుగుతాందో చూస్తివా! మేం సర్వీసులో ఉన్నప్పుడు ఇట్లాంటి ఆఫీసరు ఒక్కడుంటే..." అంటుండగా అవతల ఎవరో ఆయన్ను బెల్టు పెట్టుకోమన్నారు.

నగరం విమానాశ్రయంలో మేం కౌంటరు దగ్గరికి చేరేసరికి జనం లేరు. సింగపూరు విమానం మూసేయబోతున్నారు. కౌంటరు వెనక ఉన్న ఆవిడ మా పాసుపోర్టులు చూసి, కంప్యూటరు చూసి, మళ్ళీ మమ్మల్ని చూసింది. అత్త చీర మీద టమాటా రసం. నా జడలో గడ్డిపోచ.

"మీ విమానం మధ్యాహ్నమే దిగింది. మీరు లోపల ఉండాలి. బయటి నుంచి వస్తున్నారేంటి? ఎలా వచ్చారు?"

అత్త నోరు తెరిచింది. ఆమెకు అబద్ధం రాదు. బట్ట తక్కువైతే తక్కువైందని మొహాన చెప్పే మనిషి. ఇప్పుడు టమాటా లారీ అని చెప్పబోతోందని నాకు తెలిసిపోయింది. అది చెప్పిన మరుక్షణం మేం మొదటి విమానంలో రానివాళ్ళం అవుతాం. నేను అత్త కాలు తొక్కాను. బళ్ళో హాజరు చెప్పడానికే నాకు గొంతు పెగలదు. అయినా ఆ పూటంతా విన్న భాష నోట్లోకి దానంతటదే వచ్చింది.

"మేం విమానంలోనే వచ్చినట్లు పరిగణించబడింది మేడమ్. శరీరాలు తదుపరి సర్దుబాటు చేయబడ్డాయి."

ఆవిడ మళ్ళీ కంప్యూటరు వైపు తిరిగింది. అక్కడ మేం సరిగ్గా సమయానికి దిగి ఉన్నాం. అందులో లారీ అని రాయడానికి చోటు లేదు. ఆవిడ బోర్డింగు కార్డులు రెండు చేతిలో పెట్టి, "పరుగెత్తండి" అంది.

అత్త పరుగెత్తడం నేను మొదటిసారి చూశాను. కొండల్లో గొర్రెల వెంట అలాగే పరుగెత్తి ఉంటుంది.

విమానంలో కూర్చున్నాక ఫోను ఆపేయబోతుంటే మా జిల్లా విమానాశ్రయం నుంచి సందేశం వచ్చింది. అత్త చదవమంది. చదివాను.

"మీ సామానును పరస్తానముగా స్వీకరించితిమి. మీ న్యూజిలాండు యాత్ర విజయవంతముగా ముగిసి స్వస్థలమునకు చేరినందులకు అభినందనలు. యాత్రానుభవమునకు అయిదు నక్షత్రములలో ఎన్ని ఇవ్వగలరో తెలుపగలరు."

"అయిదూ ఇచ్చెయ్ పాపా" అంది అత్త. "తక్కువిస్తే ఎందుకని అడిగేకి పిలిపిస్తారు."

ఇచ్చి, ఫోను ఆపేశాను. విమానం కదిలింది, పరుగెత్తింది, ఇంకా పరుగెత్తింది. అత్త నా మణికట్టు పట్టుకుంది. బయట చీకటి, కిటికీలో మా మొహాలు తప్ప ఏమీ కనబడలేదు. ఆమె అద్దాన్ని గోరుతో గీకి చూసింది, కాగితమేమోనని.

"పాపా, ఇది పోతాండాదా, పోయినట్టు లెక్కనా?"

అందరూ బెల్టులు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. మధ్యాహ్నం హాల్లో కూడా అందరూ అలాగే కూర్చున్నారు. ఏం చెప్పాలా అని చూస్తుంటే నా చెవుల్లో ఏదో బిగుసుకుంది. సూది పెట్టినట్టు నొప్పి.

"అత్తా, చెవులు నొస్తాండాయి. ఆ హాల్లో నొయ్యల్యా."

ఆమె తన చెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. గుటక వేసింది. మళ్ళీ వేసింది. కళ్ళ నుంచి నీళ్ళు కారాయి.

"శానా నొప్పా?" అని అడిగాను.

"శానా" అంది అత్త, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ.